మరక

సూళ్ళూరుపేటలో చీకటుండగా ఎక్కితే
గుమ్మిడిపూండి దాకా ఒంటికాలి మీద,
అక్కణ్ణించి రెండో కాలికి కూడా చోటు.
సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి,
పార్క్ స్టేషన్లో ఇంకో లోకల్ పట్టుకుని
గిండీ చేరేసరికి
బోర్డు మీద మేడం ఒక కుర్చీ గీసి ఉంచింది.
సైక్లోహెక్సేన్ అలా ఉంటుందట.
పొద్దుట్నించీ నాకు కనిపించిన మొదటి కుర్చీ అదే.

ఇంటర్ దాకా నాకు సంయోజకత తెలుసు,
ద్విబంధం తెలుసు.
ఇక్కడ వాటికి వేరే పేర్లు.
మన వీధి పిల్లే పెద్దింటి పెళ్ళిలో
పట్టుచీర కట్టుకుని
ఎరగనట్టు పక్కనుంచి వెళ్ళిపోయినట్టు
నా ముందు నుంచే పోయేవి.

మొదటి ఇంటర్నల్లో యాభైకి పద్దెనిమిది.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
లైబ్రరీకి వెళ్ళాను.
చదవడానికి కాదు,
ఫ్యాన్ చప్పుడు కింద ఏడిస్తే వినపడదని.

లైబ్రేరియన్ వేదవల్లి గారు
కళ్ళజోడు పైనుంచి చూశారు, ఏమీ అడగలేదు.
చీటీ మీద 547 అని రాసి చేతిలో పెట్టారు.
ఏ బస్సు నంబరో అనుకున్నాను.
"మూడో వరస, అన్నిటికన్నా కింది అర," అన్నారు తమిళంలో,
"వంగాలి. వంగనివాళ్ళకి ఆర్గానిక్ దొరకదు."

దొరికింది. కొనాలంటే నా సీజన్ టికెట్లు ఆరు.
ఇక్కడ ఊరికే, దుమ్ముతో సహా.

గురువారం నాలుగింటికి వెనక గదిలో
పరిశోధన చేసే అరుళ్‌సెల్వి అక్క పాఠం.
మోడల్ పెట్టెలో నల్లబంతులు ఎవరో ఎత్తుకుపోయారు,
కార్బన్ లేని కెమిస్ట్రీ మిగిలింది.
అక్క సుండల్ పొట్లం విప్పి
ఉడికిన బఠానీలకి తల తుంచిన అగ్గిపుల్లలు గుచ్చింది.
"ఇది కుర్చీ. ఈ కొస పైకెత్తు, పడవ.
ఎందుకో చెప్పినవాళ్ళు
అణువుని తినేయొచ్చు."
మొదటి గురువారం ఆకలితోనే రైలెక్కాను.
మూడోవారం ఒక ఉంగరం మొత్తం నాదే,
ఉప్పు కొంచెం తక్కువ.

తర్వాత వేదవల్లి గారు పనిచ్చారు, గంటకింత అని:
తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిలు రాతలు చెరపడం.
ఎవరో ఎవరినో ప్రేమించారు, 88వ పేజీలో.
క్యాంటీన్ బాకీ, మూడు టీలు ఒక వడ.
ఓ ప్రొఫెసర్‌కి మీసాలు, వాటికి మళ్ళీ కొమ్ములు.
అన్నీ రబ్బరు పొడై నా ఒళ్ళో రాలాయి.

212లో రబ్బరు ఆగింది.
అంచు వెంబడి గుండ్రంగా, వత్తులు తప్పకుండా, తెలుగు.

"బాణం ఎప్పుడూ ఎలక్ట్రాన్లు ఉన్నచోటి నుంచి
లేనిచోటికి. నీళ్ళు పల్లానికి పోయినట్టు.
ఇక్కడ నేను పదకొండు రోజులు ఆగిపోయాను.
నువ్వు అంతసేపు ఆగకు."

సంతకం లేదు.
వెనక అట్టకి అంటించిన చీటీ మీద
ఆఖరి తేదీ ముద్ర నేను పుట్టకముందుది.
ఈ ఊరొచ్చాక నన్ను
నువ్వు అని పిలిచిన మొదటి మనిషి.

ఆ పేజీలోని బాణాలన్నిటి మీదా వేలు పెట్టి నడిచాను.
పోయాయి, పల్లానికే,
ఒక్కటీ దారి తప్పకుండా.
అప్పుడు గుర్తొచ్చింది, చేతిలో రబ్బరు ఉందని,
గంటకి లెక్క ఉందని.

"మేడం, ఇది కూడా చెరపాలా?"

పుస్తకాన్ని దగ్గరగా పట్టుకున్నారు,
చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నారు.
"ఏంటిది, జాంగిరీ చుట్టల్లాగా?
రాతలా లేదే. మరక.
మరకలు రబ్బరుకి పోవు,
తీసుకెళ్ళి పెట్టేయ్."

నాలుగడుగులు వేశానో లేదో
రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే
"పదకొండు రోజులా? పాపం!" అన్నారు
తెలుగులో.

వెనక్కి తిరగలేదు.
మూడో వరసలో, కింది అర దగ్గర
వంగాను.