మిగతా సగం

ఉదయం ఏడింటికే పెట్టెకు రెండు తాళాలూ వేశాను.
అద్దంలాంటి పెట్టె, అవతలివాడి మొహం కనబడుతుంది.
దాచిందేమీ లేదని చూపడానికట
అలా చేయించేది.
సాయంత్రం దాకా అదే చూపించింది:
ఏమీ లేదని.

లీఫూ దీవిలో ఇది నా బడి గది.
నల్లబల్ల మీద శుక్రవారం నాటి కూడిక ఇంకా చెరగలేదు.
దాని కింద కూచుని
ఫ్రాన్సు నుంచి విడిపోదామా అని
మూడోసారి అడగడానికి కాచుకున్నాను.

జాబితాలో ఐదువందల ముప్పై ఒక్క పేర్లు.
ఊరికే చేరినవి కావు.
ఎవరెప్పుడు ఓడ దిగారు, ఎవరి బొడ్డు ఏ మట్టిలో ఉంది
అని తేల్చడానికి మా పినమామ వస్సౌమీ
సగం జన్మ కచేరీల మెట్ల మీదే గడిపాడు.
బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు ఏరారు మనుషుల్ని.
ఏరిన చెయ్యి మాదే. ఆ మాట దాచను.

పదింటికి రొట్టెల గ్వెనొలే వచ్చాడు.
ఇరవైమూడేళ్ళుగా మా ఊరు అతని పొయ్యితోనే తెల్లారుతోంది.
పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు,
మా భాషలోనే తిట్టుకుంటారు.
"ఈసారీ లేనా?" అన్నాడు, లేడని తెలిసే.
పేజీలు వెతికినట్టు నటించాను.
వేడి రొట్టె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పేరున్నవాళ్ళు రాలేదు.
మూడు నెలల కిందట జబ్బు వచ్చింది దీవికి.
మా అత్త ఇహేజేని మూత బిగించిన పెట్టెలో తెచ్చారు,
ఆ పెట్టె మాత్రం అద్దంది కాదు.
పెండలాలు ఇచ్చిపుచ్చుకోలేదు, గుడ్డ కప్పలేదు,
చెప్పాల్సిన మాటలు చెప్పనేలేదు.
పోయినవాళ్ళతో మాటలు తెమలకుండా
దేశంతో ఏం మాట్లాడతాం,
కాస్త ఆగండి, అన్నాం.
తారీకు తారీకేనంది పారిస్.

నలుగురు వచ్చారు.
నాలుగుసార్లు "ఓటు వేశారు!" అని అరిచాను,
పద్ధతి ప్రకారం అరవాలి.
ఖాళీ గదిలో నా గొంతే వెనక్కి తిరిగి నన్ను చూసింది.

ఆరింటికి లెక్క. కాదు మూడు, తెల్లకాగితం ఒకటి.
ఫారంలో గడులున్నాయి:
అవును, కాదు, ఖాళీ, చెల్లనివి.
ఏడుస్తున్నవి అన్న గడి లేదు.
రాత్రి రేడియో నూటికి తొంభై పైచిలుకు అంది,
ఆ నూరు ఎవరో చెప్పలేదు.

మౌనం అర్ధాంగీకారం అంటారు.
నా దగ్గర ఐదువందల ఇరవయ్యేడు మౌనాలున్నాయి.
సగానికి కోసి ఎవరి తట్టలో వెయ్యను?
మిగతా సగాలు ఎక్కడ పాతను?
వాటిలో రెండువందల ఎనిమిదో గడి నాది.
పొద్దున్నించీ దాని మీదే మోచెయ్యి ఆనించి ఉంచాను.

తెర మడతపెట్టడానికి గ్వెనొలే మళ్ళీ వచ్చి
ఓ కొస పట్టుకున్నాడు.
ఏమైందని అడగలేదు.
నల్లబల్ల వైపు చూసి
"ఆ కూడిక తప్పు" అన్నాడు.

తెలుసు.
పిల్లల చేతే దిద్దిద్దామని ఉంచాను.