పెదవులకు రాసిన మాటలు

హెస్టర్ వాండర్‌లిన్ తండ్రి
ఒహాయోలో తంతి గుమాస్తా.
మాటకింతని రేటు కాబట్టి ఆ ఇంట్లో
చావుకబురు కూడా నాలుగు మాటలు దాటేది కాదు.

ఆ పొదుపే హాలీవుడ్‌లో అన్నం పెట్టింది.
నిమ్మతోటల పక్కన, కప్పులేని సెట్టుల్లో
ఎండనే దీపంగా వాడుకునే రోజులు.
మూగబొమ్మల మధ్య వచ్చే అట్టలకు అక్షరాలు రాసేది.
"ఆమె ఇక తిరిగి రాలేదు" అని రాసి
"ఇక" కొట్టేసేది, "తిరిగి" కొట్టేసేది.

దర్శకుడు తాగి పడిపోయిన ఒక సోమవారం
మెగాఫోను ఆమె చేతికొచ్చింది.
"ముందా గుర్రాన్ని నీడకు తీసుకెళ్లండి" అంది.
అదీ మొదటి ఆజ్ఞ.

నేను ఫిల్ము ముక్కలు అతికేదాన్ని.
నా వేళ్లకెప్పుడూ మగ్గిన అరటిపళ్ల వాసన, జిగురుది.
ఆ ఉత్తరం విప్పింది నేనే.
శాక్రమెంటో లాండ్రీలో ఇస్త్రీ చేసే
ఎమిల్ డెబెక్ అనే చెవిటి మనిషి రాశాడు:
"అమ్మా, మీ హీరో మోకాళ్లమీద వాలి
పెళ్లాడమని అడిగేచోట
అట్టమీద ప్రేమే ఉంది. పెదవులమీద మాత్రం
బూటు కరుస్తోంది, త్వరగా కానివ్వండి అని ఉంది.
హాలంతా ఏడుస్తుంటే
మా వరసొక్కటే నవ్వింది."

నాకు నవ్వొచ్చింది. హెస్టర్‌కి రాలేదు.
అప్పట్నించి కదిలే ప్రతి పెదవికీ మాట రాసింది,
గుంపులో నాలుగో వరస ముసలమ్మకి కూడా.
నటులు సణిగారు. నిర్మాత కాగితం ఖర్చు చూపించి
"ఎవరు వింటారమ్మా ఇదంతా?" అన్నాడు.
"చూస్తారు" అంది.

అలా పదకొండు సినిమాలు.

తర్వాత మైకులొచ్చాయి.
పూలకుండీల్లో వాటిని దాచిపెట్టి
మనుషులు పూలకుండీలతో మాట్లాడారు.
మాట చవకైపోయింది.
న్యూయార్క్ నుంచి నాటకాలవాళ్లు రైళ్లలో దిగారు,
ఆమె గదిలో ముగ్గురికి బల్లలు వేశారు.
పది సినిమాల్ని వెండికోసం కరిగించారు.
పదకొండోది డబ్బాలోనే ముద్దయింది,
మూత తీసింది నేనే, ఆ వాసన చెప్పను.

ఆమెను చివరిసారి చూసింది
ఓ థియేటర్ బయట, చినుకుల్లో.
పక్కన డెబెక్. సగంలో లేచొచ్చేసినట్టున్నాడు,
అట్టలు లేవు, నటులేమో మొహం తిప్పుకుని మాట్లాడతారు.
హెస్టర్ వీధిదీపం కిందికి జరిగి,
టోపీ వెనక్కి నెట్టి,
చప్పుడు లేకుండా, పెదవులతో
సినిమా మొత్తం చెప్పడం మొదలుపెట్టింది.

ట్రాము తప్పిపోయినా నేను నిలబడే ఉన్నాను.
ఒకచోట అతను పగలబడి నవ్వాడు.

ఏ మాటకో
నాకు వినపడలేదు.