మలుపులో రాలిన కాయలు

వేర్లు ఏడు రోజులు ఎండాయి
ప్రయోగశాల కిటికీ గట్టు మీద, పాత పేపరు పరిస్తే.
రాతి కల్వంలో నేనే నూరాను.
మూతికి రుమాలు కట్టుకున్నా దగ్గొచ్చింది.
గుంటూరులో ఏది నూరినా ముందు దగ్గే వస్తుంది.

ప్రత్తిపాడు అంకమ్మరావు కౌలు చేనువి ఆ వేర్లు.
పదేళ్లుగా కొట్టిన రాగి మందు
ఆకు మీద పడి, వానకి కిందికి దిగి
ఇప్పుడు వేరు తోలులో ఉందా,
లోపలికి పోయిందా?
"ఉందని మీ మిషినే చెప్పింది కదమ్మా" అంటాడు.
ఉందని చెప్పింది. ఎట్లా ఉందో చెప్పలేదు.
జేబులో డబ్బుందనడం వేరు,
అది నోటా, చిల్లరా, తాకట్టు చీటీనా అన్నది వేరు.

అందుకని మెహతాజ్ ఇందోరు బండెక్కింది.
ఆరు నెలల కింద పెట్టుకున్న అర్జీకి
రెండు రాత్రుల వెలుగు ఇచ్చారు.
ఇరవై బిళ్లలు, ఒక్కోదానికి పసుప్పచ్చ టేపు,
నెంబర్లు నా చేతిరాతలో.
టిఫిను డబ్బాలో దూది పరిచి సర్దాను.

ఆ వెలుగేమిటంటే వెళ్లేముందు చెప్పింది:
పెద్ద గుండ్రటి గొట్టంలో ఎలక్ట్రాన్లు
కాంతితో పందెం వేసినట్టు పరిగెడతాయట.
తిన్నగా పోయినంతసేపూ ఏమీ ఇవ్వవు.
అయస్కాంతం మెడ వంచిన చోట
వెలుగు రాలుస్తాయి.

నాకు మిర్చి యార్డు మలుపు గుర్తొచ్చింది.
మాఘంలో లారీ సర్రున తిరిగితే
రోడ్డు మీద నాలుగు కాయలు రాలేవి.
మా అమ్మ కొంగులో ఏరుకొచ్చి పచ్చడి నూరేది.
పరిగెత్తేవి పరిగెడతాయి,
మలుపు దగ్గర కొంగు పట్టుకుని నిలబడాలి
ఎవరో ఒకరు.

మొదటి రాత్రి రెండింటికి ఫోను:
"బీము పడిపోయిందక్కా, మళ్లీ నింపుతున్నారు."
మేడ మీద నీళ్ల ట్యాంకు సంగతి చెప్పినట్టు చెప్పింది.
మా వీధిలో కరెంటు లేదు.
నా చేత్తో నొక్కిన బిళ్లని
అంత వెలుగులో ఎవరో చూస్తారు కదా అని
చీకట్లో లేచి చేతులు కడుక్కున్నాను, ఎందుకో.

మూడో రోజు తెల్లారి ఫోటో వచ్చింది. ఒక గీత.
పాకి పాకి ఒక్కచోట నిలువునా లేచి, వంగి.
ఏడో నెంబరు బిళ్ల.
రాగి తోలు దగ్గరే గంధకాన్ని పట్టుకుని ఆగిందట
చాలావరకు.
"చాలావరకు" అని రెండుసార్లు అంది.

అంకమ్మరావుకి చెప్పాను.
అంతా విని, బీడీ ఆర్పి,
"అయితే ఈ శనివారం కొట్టాలా వద్దా?" అన్నాడు.

మెహతాజ్ కొత్త అర్జీ రాస్తోంది.
నేను కల్వం కడుగుతున్నాను.
అడుగున సన్నటి గోధుమరంగు పొడి,
ఎంత రుద్దినా
కాస్త మిగులుతోంది.