వయసు అడిగితే నిజం చెప్పు

కారులో హీటర్ వేసి రెండోసారి అదే చెప్పాను:
"వయసు అడిగితే నిజం చెప్పు.
కార్డు అడిగితే లేదను.
ఇవ్వనంటే బతిమాలకు, వచ్చెయ్."
వెనక సీట్లో హినెవై తలూపింది.
పదిహేనేళ్ళ ఏడు నెలలు.
పెదాలకు రంగు లేదు, మడమల చెప్పుల్లేవు.
అదీ నిబంధనే, పిల్ల పిల్లలాగే కనబడాలి.
పొద్దున్నే గోడకి నిలబెట్టి ఫొటో తీశాం,
రేపు కోర్టులో ఎవరైనా లేచి
"ఇరవయ్యేళ్ళు ఉంటాయనుకున్నానండీ" అంటే
చూపించడానికి.

ఊరి పేరు బ్లఫ్.
నవ్వకండి, నేను పెట్టింది కాదు.
న్యూజీలాండ్ రోడ్డు ఇక్కడితో అయిపోతుంది,
ఆపైన సముద్రం, ఆపైన మంచు.
అద్దె కట్టకుండా కాపురముండేది గాలి ఒక్కటే.
పిల్లని గోర్ నించి తెచ్చాను,
ఇక్కడెవరూ ఎరగని ముఖం కావాలి మాకు.

మూల కొట్టుని వీళ్ళు డైరీ అంటారు,
పాలకన్నా చేపల ఎరలే ఎక్కువ అమ్ముడుపోయినా సరే.
సిగరెట్లు తెల్లటి తలుపుల వెనక ఉంటాయి,
పేరు పెట్టి పిలిస్తేనే బయటికొస్తాయి.

నాలుగు కొట్లు దాటాం. రెండుచోట్ల కార్డు అడిగారు.
మూడోచోట కుర్రాడు "మీ అమ్మకి తెలుసా?" అన్నాడట,
ఆ మాట చెప్పి చెప్పి నవ్వింది.
నాలుగోదానికి తాళం.

ఐదోది నోయెలీన్ ట్రెగేర్‌ది.
డెబ్బై దాటిన మనిషి, ఊలు కోటు,
కళ్ళద్దాలు నెత్తిమీద.
అవి కిందికి దించు తల్లీ, అనుకున్నాను కారులోంచి.
అలా అనుకోవడానికి నాకు జీతం ఇవ్వడం లేదు.
లోపల మా డూగల్, బ్రెడ్డు మీద తారీఖులు
జీవితంలో మొదటిసారి చదువుతున్నవాడిలా.

పిల్ల తిరిగొచ్చింది.
కుడి జేబులో పెట్టె.
ఎడమ చేతిలో పైనాపిల్ చాక్లెట్టు.
"ఇదేంటి?"
"ఊరికే ఇచ్చింది. చేతులు వణుకుతున్నాయంది."
"వయసు అడిగిందా?"
"లేదు. వాన తగ్గిందా అని అడిగింది."
"నువ్వేమన్నావు?"
"నిజమే చెప్పాను. తగ్గలేదన్నాను."

పెట్టెని సంచీలో వేసి సీలు వేశాను,
మూడూ నలభై, సంతకం.
చాక్లెట్టుకి నా ఫారంలో గడి లేదు.

లోపలికెళ్ళి కార్డు చూపించాను.
సాకులు నాకు కంఠతా వచ్చు.
ఎత్తుగా ఉంది, రద్దీగా ఉంది, వాళ్ళ నాన్న కోసమనుకున్నాను.
ఆవిడ ఒక్కటీ వాడుకోలేదు.
అప్పుడు దించింది అద్దాలు, నోటీసు చదవడానికి.
చివరిదాకా చదివి
"పదిహేనా" అంది.
కౌంటరు వెనక కుర్చీ పక్కన
ఎవరి ఊపిరికోసమో పెట్టిన ఆక్సిజన్ సిలిండరు,
గొట్టం చుట్టచుట్టి, దుమ్ముపట్టి.
నేను చూశానని చూసింది.
ఇద్దరం దాని సంగతి ఎత్తలేదు.

మంచిదానివల్ల ఏం చెడు జరుగుతుందంటారా?
నాకు పదమూడప్పుడు విడి సిగరెట్టు ఇచ్చినాయన
చాలా మంచివాడు.
మా నాన్న బాకీ ఎన్నడూ గట్టిగా అడగలేదు.
సిగరెట్టుతోపాటు ఒక బిళ్ళ కూడా ఇచ్చేవాడు, వాసన రాకుండా.
మానడానికి ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది నాకు.
ఆయన దగ్గరికి
ఏ పిల్లనీ ఎవరూ పంపలేదు.

తిరుగుదారిలో గొర్రెలు, కంచెలు, మళ్ళీ గొర్రెలు.
"తినచ్చా?" అంది.
"సాక్ష్యం కాదు, తిను."
కాగితం విప్పిన చప్పుడు, చాలాసేపు నములుడు.
"మనం ఆవిడతో అబద్ధం ఆడామా?"
వైపర్లు ఒక మెట్టు పెంచాను.
అడిగితే ఏం చెప్పాలో పిల్లకి నేర్పాను గాని
నాకెవరూ నేర్పలేదు.

గోర్ చేరేసరికి నిద్రపోయింది.
వాళ్ళమ్మ గుమ్మంలోనే సంతకం పెట్టింది,
పిల్ల క్షేమంగా అందినట్టు.
టైమెంతని రాయాలంది.
ఆరూ పది.
వాన తగ్గలేదు.