మూపు

కోయంబేడు ఉల్లి మండీలో
తెల్లారి లోడు దించి నేరుగా వచ్చాడు చెంగల్రాయుడు.
నా థీసిస్‌లో ఆయన నలభై రెండు.

పోరూరు ఆస్పత్రి, రెండో అంతస్తు, కిటికీ లేని గది.
ఇక్కడ ఏసీ మెషీన్ కోసం, మనుషుల కోసం కాదు.
చొక్కా విప్పి స్టూలు అంచున కూర్చున్నాడు,
బస్సులో పక్కవాడికి చోటు వదిలినట్టు.
ఒంటి మీంచి ఉల్లిపొట్టు ఒకటి రాలి
తెల్ల గచ్చు మీద గాలికి గిర్రున తిరిగింది.

వంచిన మెడలో పొడుచుకొచ్చే ఏడో ఎముక నుంచి
భుజం కొస దాకా టేపు పెట్టాను.
సరిగ్గా సగంలో నీలం స్కెచ్‌పెన్‌తో చుక్క.
అక్కడి చర్మం చర్మంలా లేదు,
కాయ కాచి, అరిగిన చెప్పులా నున్నబడి ఉంది.
సిరా రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది.

జెల్లీ చల్లగా ఉంటుంది, అని చెప్పేలోపే
"ఐసుగడ్డలు కూడా మోశానమ్మా, కాశిమేడులో," అన్నాడు.

గోడ మీది తమిళ బోర్డు కూడబలుక్కుని చదివాడు:
పుట్టబోయే బిడ్డ ఆడో మగో ఇక్కడ చెప్పబడదు.
"మరి నా భుజంలో ఉన్నది?"
చెప్పకూడదు, చట్టం, అన్నాను.
ఇద్దరం నవ్వాం. తెర మీద కండ కూడా కదిలింది.

ప్రోబ్‌ని ఆనించాలి, ఒత్తకూడదు.
మా మేడమ్ మొదటిరోజే చెప్పింది:
ఒత్తితే ఏ కండైనా పలచబడి అబద్ధం చెబుతుంది.
అందుకే ఊపిరి బిగపట్టి,
మీగడ చెదరకుండా పాల మీద వేలు పెట్టినట్టు పెట్టాను,
ముప్పై ఒక్కేళ్లుగా
బస్తా తప్ప ఇంకేదీ ఆనని చోట.

పైన తోలు. కింద కొవ్వు, చీటీ ముక్కంత.
ఆ కింద అది.
బూడిదరంగులో తెల్లటి చారలు,
తడిసిన తాటాకు ఈనెల్లా.
థీసిస్‌లో దాని పేరు ట్రపీజియస్.
మా జేజి మూపు అనేది.
ఎద్దుకైతే మూపురం, మనిషికైతే మూపు,
కాడి దింపాక దానిది నిలబడుతుంది, మనది కుంగుతుంది,
అంతేనే తేడా, అనేది.

కుడి పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఎడమ పదమూడున్నర.
మూడుసార్లు కొలిచి సగటు తీయాలి.
"భుజం ఎత్తండి." ఎత్తాడు. తెర నిండింది.
"ఇప్పుడు వదిలేయండి."
అంకె కదల్లేదు.
చేతులు ఒళ్లో పెట్టుకోండి. నిద్రపోతున్నాననుకోండి.
వదిలాననే అనుకుంటున్నాడు పాపం.
పద్దెనిమిది. మళ్లీ పద్దెనిమిది.

"పూర్తిగా వదిలితే పడిపోదా?"

ఏది?

వెనక్కి తిరిగి గచ్చు వైపు చూశాడు.
ఉల్లిపొట్టు ఒక్కటే ఉంది అక్కడ.

నా ఫారంలో రెండు గడులు: బిగువు, విశ్రాంతి.
రెంటిలో ఒకే అంకె వేస్తే
మేడమ్ ఎర్రసిరాతో చుట్టి, మళ్లీ కొలువు, అంటుంది.
వేశాను.
ప్రోబ్ పట్టుకుని పట్టుకుని నా కుడిభుజం కూడా
ఈమధ్య సాయంత్రానికల్లా చెవి దగ్గరికి చేరుతోంది.
దాన్ని ఎవరూ కొలవలేదు. నేనూ అడగలేదు.

టిష్యూ ఇచ్చాను. మడిచి జేబులో దాచుకుని
తన ఎర్ర తుండుతోనే జెల్లీ తుడుచుకున్నాడు.
దారిఖర్చు రెండొందలకి సంతకం,
నిదానంగా, ఇంటిపేరుతో సహా.

గుమ్మం పక్కన ఎవరో దింపిపోయిన జెల్లీ డబ్బాల పెట్టె.
చొక్కా ఇంకా ఆయన చేతి మీదే ఉంది.
"ఇది లోపలికా?"
అయ్యో వద్దు, అటెండర్ వస్తాడు, అంటున్నాను,
అప్పటికే లేచింది.
నేను పెట్టిన నీలం చుక్క మీద
వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా
వచ్చి కూర్చుంది.

"నలభై మూడు," అని పిలిచాను.
గొంతు సవరించుకుని మళ్లీ పిలవాల్సి వచ్చింది.