ఎనిమిది వందల మాటలకు మించరాదు

"తయారీ శాస్త్రమే ఎందుకు?"
అని అడుగుతున్నది జర్మనీ ఫారం.
ఎనిమిది వందల మాటలకు మించరాదట.
రాత్రి పదిన్నర. ములుగు రోడ్డు ఎస్టేట్‌ల
మా షెడ్డు షట్టరు సగం దించి ఉన్నది.
కీబోర్డు నిండ నా వేళ్ల కూలెంటు వాసన.

మొదటి వాక్యం మూడుసార్లు రాసిన.
చిన్నప్పటి నుంచి యంత్రాలంటే ఇష్టం—
అబద్ధం.
చిన్నప్పుడు నాకు గోళీలంటే ఇష్టం.
పాలిటెక్నిక్‌ల సివిల్ దొరకక
మెకానికల్‌ల పడ్డ.
అరవై మందిల మేం నలుగురం ఆడపిల్లలం,
మూడో సెమిస్టరుకు ఇద్దరం.

ఇనుము మాట వినుడు తర్వాత వచ్చింది.
"కండ్లు మూస్కో బిడ్డా," అనేటోడు సర్వర్ చాచా,
"టూలు ఏడుస్తుందా, పాడుతుందా?"
పాడితే పొట్టు జిలేబీ చుట్టలై రాలుతది.
నీలం తిరిగిందా, స్పీడు తగ్గించాలె.
ఆ నీలానికి డిగ్రీల లెక్క ఉన్నదని
నిన్న పుస్తకంల చూసిన.
చాచాకు లెక్క తెల్వదు. నీలం తెలుసు.

"మీ వైఫల్యం ఒకటి వివరించండి" — రెండో గడి.
దీనికి వెతుక్కునే పని లేదు.

దసరా దాటిన వారం, పత్తి సీజను.
పరకాల జిన్నింగు మిల్లు షాఫ్టు.
బయట ట్రాలీల డ్రైవరు పండుకున్నడు.
తెల్లారగట్ల, బేరింగు కూసునే జాగల
నా చెయ్యి ఒక్క గీత ఎక్కువ తిప్పింది.
వెంట్రుక మందం గూడ కాదు.
బేరింగు జారింది,
అక్క చెప్పులల్ల నా కాలు తీరు.
ఈ పనిల కలుపుడు ఉండదు, తీసుడే.

పక్క షెడ్డు దుర్గేశం మెల్లగ చెప్పిండు:
"పంచు కొట్టి గరుకు చెయ్, బిగుస్తది.
సీజను దాటేదాక ఎవలకు తెల్వది."
పంచు చేతిల పట్టుకున్న గూడ.
మళ్ల కింద పెట్టి
షాఫ్టు మోసుకపోయి చాచా ముందల ఏసిన.

ఆయన తిట్టలేదని రాస్తే కథ మంచిగుంటది.
తిట్టిండు. డ్రైవరు లేచి కూసునేంత గట్టిగ.
రెండు నెలలు జీతం కోసిండు.
కొత్త రాడ్డు దింపి, చాయి తాగి,
"నువ్వే తిప్పు," అన్నడు.

సిఫారసు లేఖలు రెండు కావాల్నట.
కాలేజీ సారు ఇచ్చిండు ఒకటి,
పాత లేఖల పేరు మార్చి.
మూడో లైన్ల నేను ఇంక మొగపిల్లగాన్నే.
రెండోది చాచాను అడిగిన.
బిల్లు బుక్కు ఎనక ఉర్దూల ఒక్క లైను గీకి
రబ్బరు స్టాంపు గుద్దిండు.
"ఏం రాసినవ్ చాచా?"
"ఖరాబు చేస్తే చూపెడతది, దాచదు."

లెటర్‌హెడ్డు లేదు, ఈమెయిల్ లేదు, చెల్లదు.

ఆ చెడిన షాఫ్టే ఇప్పుడు
షట్టరు కింద నిలబెట్టి ఉన్నది, పడకుంట.
ఆ సందుల నుంచి లారీల దుమ్ము వస్తున్నది.
రాసినవన్నీ కొట్టేసి
చాచా లైను ఒక్కటి టైపు చేసిన, తెలుగులనే.
ఫారం లెక్క చూపెడుతున్నది:
ఇంక ఏడు వందల తొంభై ఆరు.