తొమ్మిదేళ్లకొక అంకె

మీటింగు మినిట్స్ రాసేది నేనే.
పదకొండేళ్లుగా ఈ కేంద్రంలో
మిగతావాళ్లు చెట్ల గురించి రాస్తారు,
నేను వాళ్ల మాటల గురించి రాస్తాను.

ఇది అలెంతేజు. జూలై నెల.
కిటికీ అవతల నేల పెనమెక్కి ఉంది.
లోపల గోడ మీద తెల్లటి వెలుగులో
ఒకటే వాక్యం:
కార్క్ పరిశోధన, 2070 నాటికి మన చూపు.

ప్రభుత్వానికి అయిదేళ్ల ప్రణాళిక కావాలి
అంది డైరెక్టర్ గ్రాసియెత్.
నిధులిచ్చేవాళ్లకు మూడేళ్లలో ఫలితం కావాలి.
మంత్రిగారికి మార్చిలోగా ఫోటో కావాలి.
చెట్టుకేం కావాలన్నది
ఎజెండాలో నాలుగో అంశం,
భోజనాల తరువాత.

విత్తు నాటిన పాతికేళ్లకు తొలి వలుపు.
గరుకు బెరడు, గోడల్లో కూరడానికి పనికొస్తుంది.
తొమ్మిదేళ్లకు రెండోది. అదీ అంతంతమాత్రమే.
ఇంకో తొమ్మిదేళ్లు ఓపిక పడితే
అప్పుడు బెరడు బిరడా అవుతుంది.
ఒక సీసా నోరు మూయడానికి
నలభై మూడేళ్లు.
మా నోళ్లు మూయించడానికి
కాఫీ వస్తే చాలు.

వెనకటి ప్రణాళిక కూడా ఉంది మా దగ్గర,
నీలం అట్ట, తొంభైల నాటిది.
ప్లాస్టిక్ మూతలొచ్చాయి కనక
ఈ రంగానికి ఇంకో పదిహేనేళ్లే ఆయుష్షని
అంకెలు వేసి మరీ తేల్చారందులో.
ఊగే బల్లకాలి కింద పెట్టాం.
బల్ల ఊగడం లేదు.

లియోనిల్ద్ లేచింది.
వేళ్లు కుళ్లే తెగులు మీద పని ఆమెది.
ఎండకు ఓర్చే గింజలేరి
నూటనలభై మడులు గీసింది, రంగు పెన్సిళ్లతో.
ఈ శరత్తులో నాటితే
తొలి వలుపు 2051, మలి వలుపు 2060,
అసలుది 2069.
ఆమె కాంట్రాక్టు డిసెంబరు ముప్పై ఒకటితో సరి.
అది పటంలో లేదు.
నేను రాయబోయి, రాయలేదు.

ఆలూ లేదు చూలూ లేదని నవ్వాడు
లెక్కల అర్లిందు.
అరవైతొమ్మిదిలో కొలిచేదెవరమ్మా?
“ఆ గడి ఖాళీగా ఉంచాను” అందామె,
“పేరు రాసుకోవడానికి.”

మూల కుర్చీలో బెల్మీరు, వలుపుగాడు,
డెబ్భై రెండేళ్లు, మోకాలి మీద టోపీ.
మర్యాదకి పిలిచాం,
మర్యాదకే అడిగాం, ఏమైనా అంటారా అని.

“వలిచిన మాను మీద తెల్లరంగుతో
ఏటి చివరి అంకె వేస్తాం. ఒక్కటే అంకె.
ఏ దశాబ్దమో రాయం, చూస్తే తెలుస్తుంది.
కొండవాలులో ఒక చెట్టుంది.
మా నాన్న దాని మీద ఏడు వేశాడు, తరువాత ఆరు.
నేను అయిదు వేశాను. నాలుగు. మూడు. రెండు. ఒకటి.
ఏళ్లు పెరుగుతుంటే అంకె తరుగుతూ వస్తుంది, చూశారా,
నాకూ చాన్నాళ్లు తెలీలేదు.
మొన్న, ఇరవైలో, సున్నా వేశాను.”

ఆగాడు. ఫ్యాను చప్పుడు.

“సున్నా తరువాత తొమ్మిది. ఇంకో మూడేళ్లకి.
గొడ్డలి ఎంత దిగాలో చెవి చెప్పాలి,
బోలు పలికితే ఊడొస్తుంది,
మొద్దు పలికితే ఆగాలి,
గోరంత లోతెక్కువైతే చెట్టు మానుకోదు.
మా జట్టులో పదహారుమందిమి. ఇప్పుడు నలుగురం.
అమ్మాయి పటం బాగుంది.
గొడ్డలికి గడి లేదు.”

ఎవరో దగ్గారు.
గ్రాసియెత్ అయిదో అంశంగా చేర్చమంది:
వలిచేవారికి శిక్షణ.
నిధులు? అన్నాను పెన్ను ఎత్తి.
తరువాత చూద్దాం.
తరువాత చూద్దాం అని రాశాను.

లియోనిల్ద్ అప్పటికే
ఖాళీ గడి పక్కన ఇంకో గడి గీస్తోంది,
స్కేలు లేకుండా, వంకరగా.
ముసలాయన్ని అడుగుతోంది,
బోలు అంటే ఎలా ఉంటుంది?
ఆయన వేలి కణుపుతో
మా పాత బల్ల మీద కొట్టి చూపించాడు.
రెండుసార్లు. చెవి వంచి ఇంకోసారి.

మినిట్స్ కింద తేదీ వేస్తూ
ఏ ధ్యాసలో ఉన్నానో
సంవత్సరానికి ఆరు అని మాత్రం వేశాను.
సంతకానికెళ్లిన కాగితం తిరిగొచ్చింది,
ఎర్రసిరాతో:
పూర్తిగా రాయగలరు.